కళ్ళ మీద పెట్టిన దూది

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "సార్, ఏ యాప్ వాడాలి?" అని. నాకు ఒళ్ళు మండుతుంది. యాప్ సంగతి తర్వాత, ఆ ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో చూశావా అని అడుగుతాను. చూడలేదంటారు. రోగి తలకు నూనె ఎప్పుడు పెట్టారని అడుగుతాను. తెలీదంటారు. రోగి నీ వంక చూశాడా, నువ్వు ఆయన వంక చూశావా అంటే, "స్క్రీన్ చూస్తున్నాను సార్" అంటారు.

అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు, అవన్నీ ఎవరికీ పనికిరావు. నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది పనికొస్తుంది.

నేను చేసిన పని

అనంతపురం పాతూరులో మాకు కిరాణా అంగడి ఉండేది. నాకు బెల్లం తూచడం చేతకాదని మా నాయన నన్ను చదువుకు తరిమాడు. చివరికి ఆసుపత్రిలో తలకాయలు చూసే పనికి కుదిరాను. రోగి తల మీద ఇరవై పైచిలుకు బిళ్ళలు అతికించి, మెదడు నుంచి వచ్చే సన్నటి కరెంటును గీతలుగా తీయడం నా ఉద్యోగం. దాన్ని ఇఇజి అంటారు. మూర్ఛ వచ్చేవాళ్ళు, తలకు దెబ్బ తగిలినవాళ్ళు, దయ్యం పట్టిందని ఊరంతా తిప్పి చివరికి మా దగ్గరికి తెచ్చినవాళ్ళు, అందరి తలలూ నా చేతుల మీదుగా పోయాయి. జనం నన్ను "తలకాయ మిషన్ సార్" అనేవారు. ముప్పై ఏళ్ళు దాటాక నా అసలు పేరుతో పిలిస్తే నేనే పలికేవాణ్ణి కాదు.

నాకు పని నేర్పిన డాక్టరుగారు మంచివాడు, కానీ నోరు మంచిది కాదు. గీతలో ఒక్క వంకర కనిపిస్తే కాగితం నా ముఖాన కొట్టేవాడు. "ఇది మెదడా, చెత్తా?" అని అడిగేవాడు. చెత్త అంటే మెదడుది కాని కరెంటు. పళ్ళు కొరికితే చెత్త, చెమట పడితే చెత్త, ఫ్యాను తిరిగితే చెత్త. అన్నిటికన్నా పెద్ద చెత్త కళ్ళు. కనుగుడ్డు కదిలితే చాలు, గీత కొండలా లేస్తుంది. అందుకని కళ్ళు ఊరికే తిప్పే రోగులకు రెప్పల మీద తడిదూది పెట్టి, మెత్తగా గుడ్డ కట్టమని నేర్పాడు. నేను కొన్ని వేల మందికి కట్టి ఉంటాను. కళ్ళు అంటే చెత్త అని నా చేతులకు అలవాటైపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకొక మాట కూడా ఆయన నేర్పాడు. ఏ మిషనైనా సరే, జవాబు నీకు ముందే తెలిసిన ప్రశ్న మొదట అడుగు. అది సరిగ్గా చెబితేనే తెలియనిది అడుగు. ఇంత చిన్న మాటను ముప్పై ఏళ్ళు పాటించి, పాటించాల్సిన ఒక్క రోజు మరిచాను.

నూనె

ఆసుపత్రిలో నా సగం జీవితం నూనెతో పోట్లాటకే సరిపోయింది. తలంటుకుని, నూనె లేకుండా రమ్మని చీటీ మీద రాసి ఇచ్చేవాళ్ళం. కుందుర్పి నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చే తల్లి, బిడ్డ తలంటి, మళ్ళీ చారెడు ఆముదం రాసి, జడలు బిగించి మరీ తెచ్చేది. ఏమమ్మా, చదివించుకోలేదా చీటీ అంటే, "చదివించుకున్నాం సార్. నూనె ల్యాకుండా ఎండు తలకాయతో పట్నానికి తీసుకొస్తే, చూసినోళ్ళు ఈ బిడ్డకు ఎవరూ ల్యారనుకోరా?" అనేది. ఆముదం మీద బిళ్ళ నిలవదు. కూర్చుని స్పిరిటుతో తుడిచేవాణ్ణి, తిట్టుకుంటూ.

ఉద్యోగ విరమణ అయ్యాక బెంగళూరు కంపెనీ ఒకటి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. తలకు పెట్టుకునే పట్టీ ఒకటి తయారుచేశారు. జిగురు అక్కర్లేదు, ఆసుపత్రి అక్కర్లేదు. మాట పడిపోయినవాళ్ళు ఇంట్లోనే పెట్టుకుంటే, మనసులో అనుకున్నది పక్కనున్న పలక, అదే ట్యాబు, చెబుతుందన్నారు. కుడిచెయ్యి బిగించినట్టు అనుకుంటే "అవును". ఎడమచెయ్యి అనుకుంటే "కాదు". పలకలోంచి వార్తలు చదివే అమ్మాయి గొంతు వస్తుంది. జిల్లాలో కొందరి ఇళ్ళకు పరీక్షగా ఇస్తాం, మీరు వెళ్ళి పెట్టించాలి అన్నారు.

పట్టీ మంచిదే, అబద్ధం చెప్పను. కానీ తయారుచేసినవాళ్ళు ఆముదం ఎప్పుడూ చూడలేదు.

దస్తగిరి

బత్తలపల్లెలో దస్తగిరి అని మోటారు వైండింగ్ మేస్త్రీ. కాలిపోయిన బోరు మోటార్లలో పాత తీగ లాగేసి కొత్త రాగితీగ చుట్టేవాడు. ఆ చుట్టుపక్కల బోర్లలో నీళ్ళెంత లోతుకు పోతే ఈయనకు పని అంత పెరిగింది. ఒకరోజు షాపులోనే కూలబడ్డాడు. మెదడు కింది భాగంలో రక్తం ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి ఏడు నెలలు. చెయ్యి లేదు, కాలు లేదు, మాట లేదు, ముక్కులో గొట్టం. తెలివి ఉందో లేదో చెప్పలేమని డాక్టర్లు పంపేశారు.

భార్య లేదు. కూతురు షాహీన్‌కు ఇరవై రెండేళ్ళు. చిన్నప్పటి నుంచి నాయన పక్కన కూర్చుని చుట్లు లెక్కబెట్టిన పిల్ల, చేతుల నిండా వార్నిష్ మరకలు. ఆయన పడిపోయినా ఆ పిల్ల షాపు మూయలేదు. ఇంటి పెద్దరికం మాత్రం దస్తగిరి తమ్ముడు మౌలాలి చేతికి వచ్చింది. మౌలాలి చెడ్డవాడు కాదు. ఆడపిల్ల రోడ్డు మీద షాపులో మోటార్లు విప్పుతుంటే నలుగురూ ఏమంటారోనని అతని గుబులు. ధర్మవరం మేస్త్రీ ఒకతను షాపు తనకిమ్మని అడుగుతున్నాడు. ఇచ్చేద్దామని మౌలాలి, వద్దని షాహీన్. నాయన ఏమంటే అదే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ నాయన ఏమీ అనలేడు. అప్పుడు దిగాను నేను, పట్టీ పట్టుకుని.

మొదటి రెండు వారాలు బాగానే సాగింది. తల తుడిచాను, పట్టీ కట్టాను, కుడి ఎడమ నేర్పాను. నీ పేరు దస్తగిరేనా అంటే "అవును". మనం ఉన్నది కొత్తచెరువు ఊళ్ళోనా అంటే "కాదు". షాహీన్ అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆ రోజు నేను దేవుణ్ణని అనుకున్నాను, అది కూడా రాసుకోండి.

ఒకటే చిరాకు, ఆయన కళ్ళు. మిగతా ఒళ్ళంతా బండ, కళ్ళు మాత్రం పైకీ కిందికీ ఆడేవి. ఎదురుగోడ మీద, పిల్లలకు అందకుండా ఎత్తున పెట్టిన స్విచ్‌బోర్డు ఉండేది. దాని వంకే చూసేవాడు. చూసిన ప్రతిసారీ నా గీత పాడయ్యేది. "కండ్లు తిప్పద్దప్పా" అని చెప్పి చూశాను. వినలేదు. నా అలవాటు ప్రకారం తడిదూది పెట్టి గుడ్డ కట్టాను. గీత చక్కగా నిలబడింది. నన్ను నేనే మెచ్చుకుంటూ కంపెనీకి ఫోటో పంపాను.

పలకరింపులు

కంపెనీ పుస్తకంలో, రోజుకు అరగంట కన్నా ఎక్కువ వాడకూడదని ఉంది. మన వైపు మనిషి జబ్బుపడితే పలకరించడానికి ఎంతమంది వస్తారో ఆ పుస్తకం రాసినవాడికి ఎవరు చెప్పాలి? దస్తగిరి మాట్లాడుతున్నాడని ఊరంతా పాకింది. మేనత్తలు, వియ్యంకులు, మోటార్లు కట్టించుకున్న రైతులు, ఎప్పుడో ఒకసారి బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా బ్రెడ్డు పొట్లం పట్టుకుని దిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఏమప్పా దస్తగిరీ, నన్ను గుర్తుపట్టినావా?"

ఆయన కుడిచెయ్యి బిగించాలి, మనసులో. "అవును" అని పలక అనాలి. అనకపోతే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అవును అనేదాకా మళ్ళీ అడుగుతారు. అది మనకు ఒక తల ఊపు, ఒక మాట. ఆయనకు బస్తా మోసినంత పని. వద్దని షాహీన్ అంటే, "పలకరించడానికి వచ్చినోళ్ళను పొమ్మంటే మర్యాదనా?" అని మౌలాలి కోప్పడ్డాడు.

నేనైనా అడ్డం పడాల్సింది. పడలేదు. కంపెనీ మేనేజరు, ముప్పై ఏళ్ళు నిండని పిల్లవాడు, జనం చుట్టూ మూగిన వీడియోలు పంపండి సార్, బాగుంటాయి అన్నాడు. పంపాను.

ఆ శుక్రవారం

షాపు సంగతి తేల్చడానికి ఒక శుక్రవారం నమాజు తర్వాత పెద్దలను పిలిచారు. పదిమంది దాకా వచ్చారు. ధర్మవరం మేస్త్రీ కూడా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరూ వరుసగా గుర్తుపట్టినావా అని అడిగారు. ఆ సందడంతా అయ్యేసరికి పట్టీలో బ్యాటరీ అయిపోయింది.

చార్జింగులో ఉండగా పట్టీ వాడొద్దని కంపెనీ ఎర్ర అక్షరాలతో రాసింది. నాకు తెలుసు. పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు, గంట ఆగమంటే బాగుండదు. "ప్లగ్గులో పెట్టు, ఏం కాదు" అన్నాను. అన్నది నేనే, ఇంకెవరూ కాదు. ప్లగ్గు పెట్టాక దస్తగిరి రెప్పలు దూది కింద టపటపా కొట్టుకున్నాయి. కళ్ళ గుడ్డ కాస్త బిగించాను.

మౌలాలి మంచం దగ్గరికి వచ్చాడు. "అన్నా, షాపు ధర్మవరం మేస్త్రీకి ఇచ్చేస్తాం. నీకు సమ్మతేనా?"

"అవును," అంది పలక, వెంటనే.

షాహీన్ లేచి నిలబడింది. "ఇంగొకసారి అడుగు చిన్నాయనా."

ఇంకొకసారి అడిగాడు. "అవును." మూడోసారీ "అవును." పెద్దలు తల ఊపారు. షాహీన్ మొలలో దోపుకున్న షట్టరు తాళంచెవి తీసి చిన్నాయన చేతిలో పెట్టింది. నేను బ్యాగు సర్దుకుంటుంటే వాకిట్లో నా పక్కకు వచ్చింది.

"సార్, మా నాయన అట్లనడు. నిజంగా ఆయనే అన్నాడా?"

"మిషన్‌కు అబద్ధం చెప్పాల్సిన పనేముందమ్మా," అన్నాను. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కలెక్టరు

మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను. షాపులో ధర్మవరం మేస్త్రీ కూర్చున్నాడు. ఇంట్లో బ్యాటరీ మరీ నిలవడం లేదని పట్టీని ఎప్పుడూ చార్జింగులోనే ఉంచుతున్నారు. కడుపు నొప్పా అంటే అవును, ఫ్యాను వద్దా అంటే అవును అంటున్నాడని మౌలాలి చెప్పాడు. అన్నిటికీ అవునేనా అని నాకు అనుమానం వచ్చింది. పట్టీ కట్టి అడిగాను.

"దస్తగిరీ, నువ్వు ఈ జిల్లాకు కలెక్టరువా?"

"అవును."

"నీకు పన్నెండుమంది పెండ్లాలా?"

"అవును."

పట్టీ ఊడదీసి మామూలు మనిషికి, అంటే నాకే, పెట్టి చూశాను. ప్లగ్గు తీస్తే నా మాట సరిగ్గా వింటోంది. ప్లగ్గు పెడితే, నేనేం అనుకున్నా అవునే. చార్జరులోంచి కరెంటు కారి గీతలో కలుస్తోంది. ఎందుకు కారుతోందో నాకు అంతుపట్టలేదు. ఈలోపు తొందరలో దూది పెట్టడం మరిచాను. దస్తగిరి కళ్ళు యథాప్రకారం స్విచ్‌బోర్డు మీదికి పోయాయి. నేను విసుక్కోబోయాను.

షాహీన్ మాత్రం నాయన చూపు వెంబడి చూసింది. బోర్డు వంక చూసింది, మళ్ళీ నాయన వంక చూసింది. "నాయనా," అంది, "ఎర్తా?"

ఆయన కళ్ళు పైకి లేచి అక్కడే నిలిచిపోయాయి.

ఆ పిల్ల లేచింది. రెండు తీగలు తగిలించిన బల్బు తెచ్చి బోర్డులో పెట్టింది. ఒక తీగ కరెంటుకు, ఒకటి ఎర్తుకు. బల్బు వెలగలేదు. వాకిట్లోకి పోయింది, వెనకే నేను. ఎర్త్ గుంత ఎండి, పగిలి, కంప పెరిగి ఉంది. "మా నాయన వారానికొకసారి బిందెడు నీళ్ళు పోసేవాడు సార్ ఈడ. ఈ నేలకు పొయ్యకపోతే ఎర్తు పట్టదు. ఆయన పడినప్పటి నుంచి ఎవరికీ గుర్తే ల్యా." బిందె నీళ్ళు, గుప్పెడు ఉప్పు పోసింది. లోపలికి వచ్చి పెడితే బల్బు వెలిగింది. చార్జరులో కారిన కరెంటు, నేలకు పోయే దారి లేకే గీతలోకి వచ్చిందని అప్పుడు తెలిసింది నాకు.

ఇంటికి ఎర్త్ లేదని ఆ మనిషి నాకు మొదటి రోజు నుంచి చెబుతున్నాడు. అది చెప్పగలిగింది కళ్ళతోనే. ఆ కళ్ళకు నేను దూది కట్టాను. ఊళ్ళో ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మేస్త్రీ నోరు మూసి, ఆయన ఏమంటున్నాడో కనిపెట్టడానికి బెంగళూరు నుంచి మిషన్ తెప్పించాం. కోపం ఎవరి మీద పడాలో తెలియక ఆ దూది ఉండను కాలువలో విసిరేశాను.

పట్టీ పక్కన పెట్టేశాం. పైకి చూస్తే అవును, కళ్ళు మూస్తే కాదు. ఈ పద్ధతి ఆసుపత్రిలో ఏ నర్సయినా పది నిమిషాల్లో నేర్పి పంపాల్సింది. ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్పలేదు. మొదట తెలిసినవి అడిగాను. కలెక్టరువా అంటే కళ్ళు మూశాడు. షాహీన్ నీ కూతురా అంటే పైకి చూశాడు. అప్పుడు ఆ పిల్ల అడిగింది, షాపు ఇచ్చెయ్యమన్నావా నాయనా అని. కళ్ళు గట్టిగా మూశాడు. రెప్పల సందుల్లోంచి నీళ్ళు కారాయి.

నలభై ఆరు

మేనేజరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "సార్, కళ్ళతోనే చెప్పగలిగితే మన ప్రాడక్ట్ ఎందుకు? రోగి అలసట అని రాసేయండి" అన్నాడు. కళ్ళు కూడా కదలనివాళ్ళు ఉన్నారు నాయనా, వాళ్ళకు పెట్టండి, ఈ పట్టీ వాళ్ళకు ప్రాణం అన్నాను. వాళ్ళతో వీడియో బాగా రాదట. ఆ నెలతో నేను పని మానేశాను.

దాని కన్నా కష్టమైంది మౌలాలిని ఒప్పించడం. "కండ్లు ఎవురికైనా ఆడతాయి సార్. పదిమంది ముందర మిషన్ చెప్పింది. మీరే గదా పెట్టింది? ఇప్పుడు మీరే కాదంటాండారు." అతనికి మిషన్ మీద నమ్మకం పుట్టించింది నేనే.

దారి షాహీన్ చూసింది. ఒక రైతు మోటారు షాపులో మూలన పడి ఉంది. కాలిన తీగ ఎవరో ముందే లాగేసి ఉత్త గుల్ల తెచ్చారు, ప్లేటు మీద అంకెలు చెరిగిపోయాయి. ఎన్ని చుట్లు చుట్టాలో తెలియక ధర్మవరం మేస్త్రీ పక్కన పడేశాడు. అది పోయినసారి కట్టింది దస్తగిరే. ఆయన ఎప్పుడూ కాగితం మీద రాసుకోలేదు. షాహీన్ చిన్నాయనను మంచం పక్కన కూర్చోబెట్టి, అతని ముందే నాయనను అడిగింది.

"నలభై పైన్నా నాయనా?" కళ్ళు పైకి. "యాభై పైన్నా?" మూశాడు. నలభై ఒకటి, నలభై రెండు అని లెక్కబెడుతూ పోయింది. నలభై ఆరు దగ్గర చూపు లేచింది. మళ్ళీ మొదటి నుంచి అడిగింది. మళ్ళీ నలభై ఆరే. తీగ లావు కూడా అట్లాగే కనుక్కుంది.

ఆ గుల్లను ఇంటికి తెప్పించి, వరండాలోనే కూర్చుని చుట్టింది. వార్నిష్ ఆరడానికి రెండు రోజులు పట్టింది. త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకు ఆ రైతు చేను దగ్గర మౌలాలి, నేను, ధర్మవరం మేస్త్రీ నిలబడ్డాం. స్విచ్ వేశారు. మోటారు ఒక్క మూలుగు లేకుండా అందుకుంది. కాసేపటికి పైపులోంచి ముందు గాలి, తర్వాత బురద, తర్వాత నీళ్ళు వచ్చాయి. ధర్మవరం మేస్త్రీ పైపు మీద అరచెయ్యి ఆనించి అదురు చూశాడు. "సరిగ్గా ఉండాదన్నా," అని, అడగకుండానే జేబులోంచి తాళంచెవి తీసి మౌలాలికి ఇచ్చాడు.

ఆ సాయంత్రం మౌలాలి అన్న మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎనిమిది నెలల్లో అన్నను నేరుగా ఏమైనా అడగడం అతనికి అదే మొదలు, అంతకుముందు అడిగిందంతా పలకను. "అన్నా, నేను తప్పు జేసినానా?"

దస్తగిరి పైకి చూశాడు. తర్వాత తమ్ముడి వంక చూశాడు. మౌలాలి తాళంచెవి ఆ కదలని చేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు. షాహీన్ వచ్చి ఆ వేళ్ళు విప్పి తీసుకుంది.

పిల్లలూ, మీకు చెప్పదలచుకున్నది ఇంతే. ఎర్త్ చూడండి, నూనె తుడవండి, తెలిసిన ప్రశ్న ముందడగండి. వీటన్నిటి కన్నా ముందు మనిషి ముఖం వంక చూడండి. చెత్త అనుకుని తుడిచేసేదాన్ని ఒక్కసారి ఆగి చూడండి.

బయల్దేరే ముందు నాకూ అడగాలనిపించింది. మంచం దగ్గరికి వెళ్ళి వంగాను. "దస్తగిరీ, నా మీద కోపముందా?" అన్నాను. లేదంటాడనే అనుకున్నాను. మనిషి మంచివాడు, ఇంటికి వచ్చినవాళ్ళ మనసు నొప్పించడు.

కళ్ళు పైకి లేచాయి. చాలాసేపు దించలేదు.

"ఉండాదంట సార్," అంది షాహీన్. "కూర్చోండి, టీ తాగి పోదురు."